ఏనుగు ముందా, శకటం ముందా

ఫిబ్రవరి 6

మామయ్యగారికి,

నమస్కారం. చేతిరాత ఎవరిదో తెలియక కవరును అటూ ఇటూ తిప్పి చూసి ఉంటారు. నేను మీ కోడలిని. పెళ్ళై తొమ్మిదేళ్ళయినా మనం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కాబట్టి ముందు ఆ మాట చెప్పుకోవాలి.

డొంకతిరుగుడు నాకు చేతకాదు. అవసరం పడి రాస్తున్నాను. మీ అబ్బాయి ఈ బట్టల మిల్లులో పేరుకు టైమాఫీసు గుమాస్తా. మిల్లుల పోటీల్లో మొదటి బల్ల దగ్గర కూర్చుని చదరంగం ఆడటం అసలు పని. ఆ ఉద్యోగంతోపాటే క్వార్టర్సులో రెండు గదులు, మిల్లు ఆసుపత్రి కార్డు. సెప్టెంబరు నుంచి ఆయన కుడిచెయ్యి బాగాలేదు. నాకూ ఆట వచ్చని తెలిసి, ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

ఇప్పుడేమో జట్టుకు ఒక్క ఉద్యోగమే ఉంచుతారట. రెండో బల్ల మనిషి పనిచేసే స్టోర్సు ఎత్తేస్తున్నారు. అందుకని ఆ మనిషీ నేనూ రెండు ఆటలు ఆడాలి, మార్చి ఆఖరి ఆదివారం ఒకటి, ఏప్రిల్ ఆఖరి ఆదివారం ఒకటి. గెలిచినవాళ్ళకు కుర్చీ, గదులు, కార్డు. చెరొకటి గెలిచి సమానంగా నిలిస్తే కుర్చీ మా ఇంటిదే గనుక నాకే ఉంచుతారు. ఓడినవాళ్ళు నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి.

నాకు ఆట నేర్పింది మా నాన్న. ఆయన బస్సు కండక్టరు. సెలవు రోజున సరదాకి ఆడిన ఆట, ఇలా ప్రాణం మీదికి తెచ్చుకుని ఆడాల్సొస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. మీకన్నా గట్టిగా ఆడేవాళ్ళను చూడలేదని మీ అబ్బాయి అంటుంటారు. మిమ్మల్ని అడగమన్నది కూడా ఆయనే. నాకు గెలిచే దారి ఒకటి చూపించండి. కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకోండి.

ఇట్లు,
మీ కోడలు

*

ఫిబ్రవరి 14

అమ్మాయికి ఆశీస్సులు.

వాడు రాయాల్సిన ఉత్తరం నువ్వు రాశావు. పదకొండేళ్ళు నా మీద కోపం భద్రంగా దాచుకున్నవాడు, అవసరం వచ్చేసరికి పెళ్ళాం చేత కలం పట్టించాడన్నమాట.

చెయ్యి బాగాలేకపోతే ఏం? చదరంగానికి చెయ్యెందుకు? ఎత్తు నోటితో చెబితే పక్కవాడు జరుపుతాడు. నోరు ఉందిగా వాడికి? "నీలా త్రాసులు బాగుచేసుకుంటూ తుప్పు పట్టిపోను" అని మా దుకాణం గుమ్మంలో నిలబడి అన్నప్పుడు భేషుగ్గా పనిచేసిందే! ఆట నేర్పింది నేనే, ఆటను నమ్ముకుని బతకొద్దని మొత్తుకున్నదీ నేనే. వినలేదు. నీ పెళ్ళికి నన్ను పిలిచాడు, నేనే రాలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను.

నీ మీద నాకేం కోపం లేదు. తిన్నగా అడిగావు, అది నాకు నచ్చింది. అయితే ఎదుటి మనిషిని చూడకుండా ఆట చెప్పమంటే సరుకు చూడకుండా తూకం చెప్పమన్నట్టే. ఆ రెండో బల్ల మనిషి ఎలాంటివాడు? తెల్లవి ఆడతాడా, నల్లవా? ఆలోచిస్తూ ఏం చేస్తాడు? ఏదైనా ఊరికే ఇస్తే తీసుకుంటాడా, అనుమానిస్తాడా? అన్నీ వివరంగా రాయి.

రెండు రోజులుగా ఒక తక్కెడ ముల్లు నిలబడక నా ప్రాణం తీస్తోంది. దాన్ని పక్కన పెట్టి మరీ ఈ ఉత్తరం రాశానని వాడికి చెప్పు.

ఇట్లు,
వాడి తండ్రి

*

ఫిబ్రవరి 22

మామయ్యగారికి నమస్కారం.

ఆయన్ని మిల్లులో అందరూ నిదానం అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడదు. టీ చల్లారేదాకా ఊదుతాడు, చల్లారాక కూడా ఊదుతాడు. జట్టులో ముందునుంచీ ఉన్నవాళ్ళకు రంగు ఎంచుకునే హక్కుంది. ఆయన ఎప్పుడూ నల్లవే ఎంచుకుంటాడు. "ముందు ఎదుటివాళ్ళు నోరు విప్పనీ చెల్లమ్మా, మనకేం తొందర" అంటాడు. ఇస్తే కాదనడు. బంటు ఇస్తే బంటు, గుర్రమిస్తే గుర్రం. తీసుకుని, జేబులో వేసుకున్నట్టు పక్కన పెట్టుకుని, ఇక ఆ లాభాన్ని కాపాడుకుంటూ కూర్చుంటాడు.

మీకు ఇంకొకటి చెప్పాలి. ఆయన పరాయివాడు కాదు. మీ అబ్బాయి పక్క బల్ల దగ్గర తొమ్మిదేళ్ళు కూర్చున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ళావిడ కుట్టుపని చేస్తుంది. సాయంత్రం మా ఇంటికి రావడం ఇప్పటికీ మానలేదు. వచ్చి మీ అబ్బాయి పక్కన కాసేపు కూర్చుని వెళ్తాడు. పోటీ మాట ఆయనా ఎత్తడు, నేనూ ఎత్తను. నేను గెలిస్తే ఆయన రోడ్డున పడతాడు, ఆయన గెలిస్తే మేం పడతాం. నవ్వుకుంటూ టీ ఇస్తున్నాను.

టైమాఫీసులో నా పని ఇత్తడి బిళ్ళలతో. ఒక్కొక్కరికి ఒక్కో అంకె బిళ్ళ. లోపలికి వచ్చేటప్పుడు మేకు మీంచి తీసి ఇవ్వాలి, పోయేటప్పుడు తీసుకుని తగిలించాలి. ఆరు వందల మేకులు. పని పోయినవాళ్ళ బిళ్ళలు తీసేస్తుంటే స్టోర్సు వరుసలో మేకులు రోజురోజుకూ ఖాళీ అవుతున్నాయి. నా కళ్ళు అటే పోతున్నాయి.

నోటి సంగతి రాశారు. మీ అబ్బాయి ఈమధ్య మాట్లాడటం తగ్గించారు. దాన్ని గురించి ఇంకేం రాయకండి.

ఇట్లు,
మీ కోడలు

*

మార్చి 3

అమ్మాయికి ఆశీస్సులు.

మాట్లాడటం తగ్గించాడా? సంతోషం. ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది.

మనిషిని చక్కగా చెప్పావు. ఇస్తే కాదననివాడికి ఇవ్వడమే మందు. అతని నల్లవి కదలక ముందే కొంప తగలబెట్టాలి. నిదానంగా ఆడితే అతనే నెగ్గుతాడు, అది అతని సొంత వీధి.

బల్ల ముందు పెట్టుకుని చదువు. రాజు ముందున్న బంటును రెండు గళ్ళు నడుపు. అతనూ నడుపుతాడు. వెంటనే దాని పక్కది, నీ రాజుకు గోడలా ఉన్న బంటును, ముందుకు తోసి అప్పనంగా ఇచ్చెయ్. తీసుకుంటాడు. అలా తిన్న తన బంటును కాపాడుకోడానికి పక్క బంట్లను తోసుకుంటూ, నువ్వు బయటికి తెచ్చిన గుర్రం మీదికొస్తాడు. గుర్రాన్ని కదపకు. అదీ ఇచ్చెయ్, నువ్వు కోట కట్టుకో. పిచ్చిపని అనిపిస్తుంది. అనిపించాలి. అది తినడానికి అతను నాలుగైదు ఎత్తులు ఖర్చుపెట్టాడు, అతని బలగం ఒక్కటీ ఇల్లు కదల్లేదు. నీ గోడ పోయింది గనుక ఆ దారి బార్లా తెరుచుకుంది. మధ్యలో అడ్డం కూర్చున్నదాన్ని తీసేస్తే దారి చివర ఉండేది అతని రాజు గుమ్మంలోని బంటు. ఆటంతా దాని మీదే.

మంత్రులు మార్చుకుందామని వస్తాడు. ఛస్తే ఒప్పుకోకు. నీ దగ్గర సామాను తక్కువ. మంత్రి పోయిందంటే పొయ్యి ఆరిపోయినట్టే.

ఇక అసలు కిటుకు. నీ ఏనుగూ శకటమూ రెండూ ఆ గుమ్మం బంటు మీదికే చూస్తుంటాయి. అక్కడ తడబడకు. ముందు ఏనుగుతో కొట్టు. శకటం ఇంటి దగ్గరే ఉండి వెనక కాచుకోవాలి. తారుమారు చేశావా, కూలేది నీ కొంప. సందేహమొస్తే వాడిని అడుగు. చిన్నప్పుడు ఈ ఆట వాడి చేత వందసార్లు ఆడించాను.

ఇట్లు,
వాడి తండ్రి

*

మార్చి 11

మామయ్యగారికి నమస్కారం.

మీ ఉత్తరం నలిగిపోయేదాకా చదివాను. బంటు ఇవ్వడం బాగానే ఉంది. గుర్రం ఇచ్చేటప్పుడు మాత్రం గుండె జారిపోతోంది. అయినా ఇస్తున్నాను. మధ్యాహ్నం గంట కొట్టాక పెట్టె మీద బల్ల గీసుకుని, బిళ్ళలు పెట్టుకుని ఒక్కదాన్నే ఆడుకుంటున్నాను. చూసినవాళ్ళు నాకు మతి పోయిందనుకుంటున్నారు. వాళ్ళు అలా అనుకోవడంలో తప్పేం లేదు.

ఆఖర్లో ఒకచోట నాకు కుదరడం లేదు. ఏనుగును ముందు పంపితే నా రాజు ఉన్న వరుసంతా ఖాళీ అయిపోతోంది, ఆయన మంత్రి వచ్చి మీద పడితే అడ్డం పెట్టడానికి ఎవరూ లేరు. శకటంతో ముందు కొడితే ఏనుగు ఇంటి దగ్గర కాపలా ఉంటుంది కదా? నా బుర్రకు శకటమే ముందనిపిస్తోంది. మీరేమో ఏనుగంటున్నారు. వెంటనే రాయండి. మీ అబ్బాయిని అడగమన్నారు, ఆయన్ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

మొన్న క్వార్టర్ల మేస్త్రీ వచ్చాడు. మేం ఇంట్లో ఉండగానే గోడలు కొలిచి, సున్నం ఎంత పడుతుందో కాగితం మీద రాసుకున్నాడు. "వచ్చేవాళ్ళకు శుభ్రంగా ఉండాలి కదమ్మా" అన్నాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. మీరు చెప్పిన దారి తప్ప నాకింకో దారి లేదు మామయ్యగారూ.

ఇట్లు,
మీ కోడలు

*

మార్చి 18

అమ్మాయికి ఆశీస్సులు.

నీకు బల్ల తలకిందులుగా కనబడుతోంది. శకటాన్ని ముందు పంపితేనే నీ రాజు వరుస ఖాళీ అవుతుంది. ఏనుగు వెళ్తే ఏమీ కాదు. నువ్వు సరిగ్గా ఉల్టా రాశావు. కంగారులో అలాగే అవుతుంది. నా మాట నమ్ము. ఏనుగే ముందు. ఏనుగే. మూడోసారి రాయించకు.

మొగుడిని అడగడానికి ఇబ్బందేమిటి? పదకొండేళ్ళ తర్వాత తండ్రి ఉత్తరం రాస్తే ఒకసారి చదివి, "అవును, నాన్న చెప్పింది నిజమే" అనడానికి కూడా వాడి నోట మాట రాదా? అంత పౌరుషమైతే నా చేత ఆట చెప్పించుకోవడమెందుకు? ఈ మాటలు వాడికి చదివి వినిపించు, ఒక్క అక్షరం వదలకుండా.

నువ్వు మాత్రం ధైర్యంగా ఆడు. సున్నం వేయడానికి ఎవడొస్తాడో నేనూ చూస్తాను.

ఇట్లు,
వాడి తండ్రి

*

మార్చి 31

మామయ్యగారికి,

ఓడిపోయాను.

మీరు చెప్పినట్టే జరిగింది, అక్షరం పొల్లుపోకుండా. బంటు ఇచ్చాను, తీసుకున్నాడు. గుర్రమిచ్చాను, అరగంట ఊది ఊది తీసుకున్నాడు. దారి తెరుచుకుంది. ఆయన బలగమంతా ఇంట్లో నిద్రపోతోంది. నిదానంగారి నుదుటి మీద చెమట నేను మొదటిసారి చూశాను. గెలుస్తున్నానని నా చేతులకు తెలిసిపోయింది. గుమ్మం బంటు దగ్గరికొచ్చాక నా మనసు శకటం, శకటం అని కొట్టుకుంది. మీరు మూడుసార్లు రాశారు కదా అని మనసు నోరు నొక్కేశాను. మూల నుంచి వచ్చి దారిలో నిలబడ్డ ఏనుగును ఎత్తి బంటును కొట్టాను.

నా వరుస ఖాళీ అయింది. ఆయన మంత్రి వచ్చి చెక్కంది. మూడు ఎత్తులు. అయిపోయింది.

నేను రాసినదే జరిగింది మామయ్యగారూ. మీకు తెలియదా? అంత ఆటగాడికి అది కనబడలేదా? మీ అబ్బాయి మీద కోపం నా మీద తీర్చుకున్నారా? ఇలా అడగకూడదని తెలుసు. అడగకుండా ఉండలేకపోతున్నాను. ఇప్పుడు రెండో ఆట గెలిచి తీరాలి. సమమైనా పోయినట్టే. ఈ గదులు పోతే ఫరవాలేదు, చెట్టు కిందైనా ఉంటాను. కార్డు పోతే మాత్రం మేం ఏమవుతామో నాకు తెలియదు.

మీ కోడలు

*

ఏప్రిల్ 6

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి అన్నం ముట్టకుండా బల్ల పరిచాను. నువ్వు ఆడినట్టే ఆడుతూ వచ్చాను. "మూల నుంచి వచ్చిన ఏనుగు" అన్నచోట ఆగిపోయాను. మూలలో ఏనుగేమిటి? మా ఇంట్లో మూలన ఉండేది శకటం. బండి కాబట్టి తిన్నగా పోతుంది. ఏనుగు రాజు పక్కన ఉండి ఏటవాలుగా నడిచేది. మా నాన్న చెక్కిన పాత సెట్టులో ఆ బొమ్మకు తొండం కూడా ఉంది. మీ నాన్న నీకు మూలదాన్ని ఏనుగని, ఏటవాలుదాన్ని శకటమని నేర్పి ఉంటాడు. చాలామంది అలా కూడా అంటారని నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. నువ్వు శకటం ముందన్నావు, నేను ఏనుగు ముందన్నాను, ఇద్దరం ఒకదాన్నే అన్నాం! నీ బుర్రకు తట్టిందే సరైన ఎత్తు. నా పెద్దరికంతో దాన్ని నొక్కేశాను. నన్ను క్షమించు తల్లీ.

కానీ ఒక సంగతి నిన్నటి నుంచి నన్ను కూర్చోనివ్వడం లేదు. వాడు ఈ ఇంట్లో పుట్టినవాడు. ఆ తొండం కొరికి పళ్ళు వచ్చినవాడు. నా ఉత్తరం ఒక్కసారి చూసి ఉంటే, ఏనుగంటే ఏదో నీకు చిటికెలో చెప్పేవాడు. నీ బతుకు, వాడి బతుకు దాని మీద ఆధారపడి ఉంటే పౌరుషానికి పోయి ఊరుకునేంత దుర్మార్గుడు కాడు. నా కొడుకు నాకు తెలుసు.

అంటే వాడు నా ఉత్తరాలు చదవలేదు. లేదా చదవలేడు. ఏది? నిజం రాయి. చేతికేమైంది వాడికి?

ఇట్లు,
నాన్న అని చెప్పు

*

ఏప్రిల్ 12

మామయ్యగారికి,

చెయ్యి ఒక్కటే కాదు. సెప్టెంబరులో బల్ల ముందు కూర్చుని ఉండగానే పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. మాట పోయింది. అన్నీ వినబడతాయి, అన్నీ అర్థమవుతాయి, నోట్లోంచి మాత్రం ఒక్క అక్షరం రాదు. వారానికి మూడుసార్లు మిల్లు ఆసుపత్రి నుంచి ఒకామె వచ్చి కాలూ చెయ్యీ ఆడిస్తుంది, నాలుక తిప్పిస్తుంది. కార్డు అంటే అదీ. ఇప్పుడిప్పుడే పెదాలు కలుపుతున్నారు. ఈ వైద్యం ఆగితే ఉన్నచోటే ఉండిపోతారని ఆమె చెప్పింది.

ఆసుపత్రిలో రెండో రోజున "మీ నాన్నగారికి రాయనా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. అందుకే రాయలేదు. ఆయన అడగమన్నారని రాసింది అబద్ధం. మీ ఉత్తరాలొచ్చిన సంగతి కూడా ఆయనకు చెప్పలేదు. నోరు ఉందిగా అని మీరు రాసిన ఉత్తరాన్ని ఆయనకెలా వినిపించను? చింపేయడానికీ చేతులు రాలేదు, బియ్యం డబ్బా కింద పెట్టాను.

మీ ఉత్తరం చూశాక అన్నీ తీసి ఆయన ముందు కూర్చుని చదివాను. మీరన్నట్టే, ఒక్క అక్షరం వదలకుండా. నోటి సంగతి దగ్గర ఆగిపోయాను. ఆయన ఎడమచేత్తో, చదువు అన్నట్టు సైగ చేశారు. చదివాను. అయిపోయాక బల్ల పరిచి "ఏనుగేది?" అని అడిగాను. ఆయన వేలు వెంటనే ఏటవాలుదాని మీదికి వెళ్ళింది. ఒక్క క్షణం పట్టలేదు. రెండు నెలలు ఆయన్ని పక్కనే పెట్టుకుని, ఆయనకు బాధని నేనే అడగలేదు. ఈ తప్పు మీది కాదు మామయ్యగారూ, నాది.

మిమ్మల్ని అన్న మాటలకు నాకు సిగ్గుగా ఉంది. ఇరవై ఆరున రెండో ఆట. ఇంకా ఏదైనా చెప్పగలిగితే చెప్పండి.

మీ కోడలు

*

ఏప్రిల్ 18

తల్లీ,

నోరు ఉందిగా అని రాశాను. రాసిన చెయ్యిని ఏం చేసుకోను? దుకాణం మూడు రోజులు తెరవలేదు. వచ్చినవాళ్ళు తలుపు తట్టి తట్టి వెళ్ళిపోయారు.

రైలెక్కుదామని సంచీ కూడా సర్దాను. తర్వాత నువ్వు రాసినది గుర్తొచ్చింది, తల అడ్డంగా ఊపాడని. మంచం మీద కదల్లేనివాడి దగ్గరికి, వద్దన్నా వినకుండా వెళ్ళి నిలబడితే వాడు లేచి పక్క గదిలోకి కూడా పోలేడు. అంత బలవంతం చేయను. నన్ను రమ్మంటాడేమో అడుగు.

ఇక ఆట. ఇకమీదట మీ పుట్టింటి మాటల్లోనే రాస్తాను. మూలదే ఏనుగు. ఇలా రాయడానికి చెయ్యి తిరగడం లేదు, అయినా రాస్తాను. మళ్ళీ అదే ఆట ఆడు. భయపడి మానేస్తావని అతను అనుకుంటాడు. ఇస్తే మళ్ళీ తీసుకుంటాడు, కాకపోతే ఈసారి ఆ లాభాన్ని కాపాడుకుంటూ కూర్చోడు, మంత్రిని తొందరగా బయటికి తెస్తాడు. నీకు పోయినవి లెక్కపెట్టుకోకు. అతనివి ఇంకా ఇంట్లో ఎన్ని ఉన్నాయో అవి లెక్కపెట్టు. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే దాడి ఆపకు, రెండైతే ఒక్క ఎత్తు ఆగి నీ రాజును మూలకు జరుపుకో. శకటంతో ముందు కొట్టు. ఎక్కడైనా నా మాటకూ నీ కంటికీ పడకపోతే నీ కంటినే నమ్ము.

ఇంకేం చెప్పను? వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆడు.

ఇట్లు,
మీ మామయ్య

*

ఏప్రిల్ 29

మామయ్యగారికి నమస్కారం.

గెలిచాను. కుర్చీ నాకే ఉంది. కార్డు మీద కొత్త ముద్ర వేసిచ్చారు. సంతోషంగా రాయలేకపోతున్నాను, ఎందుకో మీరే చెప్పాలి.

మీ అబ్బాయిని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి బల్ల పక్కనే కూర్చోబెట్టాను. ఆట మళ్ళీ అదే దారిలో నడిచింది. ఈసారి శకటంతో కొట్టాను. రాజు బయటికొచ్చాడు. తరిమాను. కానీ మీరన్నట్టు ఆయన మంత్రి ముందే బయటికొచ్చింది. ఇంట్లో ఆయనవి రెండే ఉన్నాయి, రాజును జరుపుకోవాల్సిన చోట నేను ఆగలేదు. దాడిలో ఒక్క ఎత్తు తక్కువ పడింది. అప్పటి బల్లను ఈ కాగితం వెనక గీశాను. చూడండి, ఎత్తు ఆయనది. మంత్రితో నా రాజుకు చెక్కు చెబితే నేను పక్క గడికి పోవాలి, మళ్ళీ చెక్కంటే వెనక్కి రావాలి. ఎన్నిసార్లయినా అంతే. ఆట సమం. సమమైతే కుర్చీ ఆయనది.

నాకది కనబడగానే అయిపోయిందనుకున్నాను. బల్ల అంచు పట్టుకున్నాను. నిదానంగారు చాలాసేపు కూర్చున్నాడు. బల్లకేసి చూడటం లేదు, మీ అబ్బాయికేసి చూస్తున్నాడు. తర్వాత బల్ల అంచున ఉన్న బంటును ఒక గడి జరిపాడు. ఎందుకూ పనికిరాని ఎత్తు. నేను రెండెత్తుల్లో ఆట కట్టేశాను. లేచి "బాగా ఆడావు చెల్లమ్మా" అన్నాడు. మీ అబ్బాయి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

నిన్న సామాను సర్దుకున్నారు. కుట్టు మిషను బండెక్కించడానికి నలుగురు పట్టారు. ఎక్కడికని అడిగితే, ఆవిడ తమ్ముడింటికి కొన్నాళ్ళు అన్నారు. ఆడపిల్లలు నాకేసి చూడలేదు. స్టోర్సు వరుసలో ఆయన మేకు నుంచి బిళ్ళ తీసి డబ్బాలో వేయాల్సింది నేనే. వేశాను.

మామయ్యగారూ, మీ అంత ఆట తెలిసినవాళ్ళు నాకెవరూ లేరు. ఆయనకు చెక్కు కనబడలేదా? కనబడీ ఆడలేదా? మీ అబ్బాయిని అడిగితే కళ్ళు మూసుకున్నారు. మిమ్మల్ని రమ్మంటారా అని అడిగినా కళ్ళే మూసుకున్నారు. ఈసారి తల మాత్రం ఊపలేదు.

మీ కోడలు

*

మే 6

తల్లీ,

బల్ల మీద పేర్చి చూశాను. అతనికి దారి లేదు, నీ ప్రతాపమే అని రాద్దామని రెండు కాగితాలు పాడుచేశాను. నీతో అబద్ధం చెప్పలేను. ఆ చెక్కు నిన్న ఆట మొదలుపెట్టినవాడికైనా కనబడుతుంది. తొమ్మిదేళ్ళు రెండో బల్ల దగ్గర కూర్చున్నవాడికి కనబడకపోవడమేమిటి? అతను ఓడిపోలేదు. నీకిచ్చాడు. నువ్వు తీసుకున్నావు. తీసుకోవడం తప్పు కాదు, అది వాడి కాలూ చెయ్యీ. ఏడవాలనిపిస్తే ఏడువు, కార్డు మాత్రం తిరిగి ఇవ్వకు.

ఇస్తే కాదననివాడని అతణ్ణి ఎంత వెటకారం చేశాను! ఇచ్చేవాడిని నా జన్మలో చూడలేదు, అందుకే పోల్చుకోలేకపోయాను.

ఇప్పుడు నా మాట విను. అతను ఎక్కడున్నాడో కనుక్కుని, ఈ ఉత్తరం కిందున్న చిరునామా ఇవ్వు. మా ఇంట్లో వెనక గది ఒకటుంది. పదకొండేళ్ళుగా వారానికోసారి తాళం తీసి, ఊడ్చి, మళ్ళీ తాళం వేస్తున్నాను. ఎందుకు అని అడిగినవాళ్ళకు, పాత త్రాసులు పెట్టుకున్నానని చెబుతాను. అందులో ఒక్క త్రాసు కూడా లేదు. పిల్లలకు సరిపోతుంది, కిటికీ దగ్గర కుట్టు మిషను పడుతుంది. నా దుకాణంలో పని కూడా ఉంది. త్రాసు ముల్లు నిలబెట్టడానికి తొందరపడని మనిషే కావాలి. దయతో ఇస్తున్నానని చెప్పకు, రాడు. ముసలాడికి చెయ్యి వణుకుతోంది, మనిషి కావాలన్నాడని చెప్పు. అది నిజమే.

వాడికి కూడా చెప్పు. నీ గది నాన్న వేరేవాళ్ళకు ఇచ్చేశాడని. కోపం వస్తే వచ్చి నాతో పోట్లాడమను. మాట రాకపోయినా సరే, వచ్చి పోట్లాడమను.

ఇట్లు,
మీ మామయ్య